గడియారమునకు విలువ ఎక్కడిది?



కొన్ని వందల రూపాయలకు దొరకు చేతి గడియారము ఒకటి, అనేక లక్షలు పోసినగాని చేతికి రాని గడియారము ఒకటి, ఒకే వీధిలోని రెండు అంగళ్ళలో ఒకే సమయమును చూపుచు ఉండుటను మనమందరము చూచియే యున్నాము. ధనవంతుని మణికట్టుపై గంట దీర్ఘమై, పేదవాని మణికట్టుపై అది హ్రస్వమై యుండదు గదా. అట్లయినచో ఆ లక్షలు దేనికి చెల్లించుచున్నారు, ఆ గడియారములో ఏమున్నది, ఈ గడియారములో ఏమి లేదు అని ప్రశ్నించుకొనుట ఆలోచనాపరులకు సహజము. ఈ ప్రశ్నకు గ్రంథములవలన కొంత సమాధానము లభించును. కాని చౌకగా దొరకు విడిభాగములను ఒక్కొక్కటిగా సేకరించి, వానిని పరీక్షించి, సరిదిద్ది, కూర్చి, ఒక యంత్రముగా నడిపించినవానికి లభించు సమాధానము అంతకంటె స్థిరమైనది. అట్టి పనిని గూర్చియు, దానిని చేయుటవలన నాకు కలిగిన నిశ్చయమును గూర్చియు ఈనాడు మీతో ప్రసంగింప దలచితిని.

ఆ నిశ్చయమును మొదటనే విన్నవింతును. ఉత్తమమైన గడియారమునకు విలువ ప్రధానముగా దాని ప్రతి భాగమును సరిచూచి సరిదిద్దిన మనుష్యుని శ్రద్ధవలన వచ్చును. లోహమువలనను, ముఖముపై ముద్రించిన పేరువలనను వచ్చు విలువ దాని తరువాతిది. శ్రద్ధ ఏ సంస్థకును గుత్తసొత్తు కాదు గనుక, ధనము కొరవడినను ఓర్పు కొరవడనివానికి ఉత్తమ గడియారము అందని పండు కాదు.

విలాస గడియారమనగా ఒక మహాశిల్పి ఒక గదిలో ఏకాంతముగా కూర్చుండి, లోహపు ముద్ద మొదలుకొని చివరి మరవరకు సర్వమును తన చేతితోనే మలచినదని చాలమంది భావింతురు. చరిత్ర వేరొక రీతిగా చెప్పుచున్నది. స్విట్జర్లాండు దేశమున జూరా పర్వత ప్రాంతమునందు, మంచు కప్పి పొలము పనులు ఆగిపోయిన దీర్ఘమైన శీతకాలపు మాసములలో, రైతు కుటుంబములవారు ఇండ్లలోనే కూర్చుండి ఒకరు చక్రములు, మరియొకరు ముళ్ళు, వేరొకరు మరలు, ఇంకొకరు స్ప్రింగులు చేసెడివారు; వ్యాపారి ఒకడు ఆ భాగములనన్నింటిని సేకరించి, కూర్పించి, తన పేరు పెట్టి అమ్మెడివాడు. ఆ ప్రాంతములోని లా షో-ద-ఫోన్ అను పట్టణము 1794లో అగ్నిప్రమాదమున దగ్ధమై, తరువాత తిన్నని వీధులతో తిరిగి నిర్మింపబడినప్పుడు, గడియారపు పనివారి బల్లలకు పగటి వెలుతురు చక్కగా సోకునట్లు ఇండ్ల వరుసలు తీర్పబడినవి. ఆ పట్టణమును, దాని పొరుగుననున్న ల లోక్ల్ పట్టణమును 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. 1867లో వెలువడిన 'కాపిటల్' గ్రంథపు మొదటి సంపుటమున కార్ల్ మార్క్స్ శ్రమవిభజనకు ఉదాహరణముగా గడియారమును గ్రహించి, లా షో-ద-ఫోన్ పట్టణమంతటిని ఒకే గడియారపు కార్ఖానాగా భావింపవచ్చునని వ్రాసెను. కనుక వేరువేరు తావులనుండి వచ్చిన భాగములను చేర్చి గడియారము కూర్చుట ఆ వృత్తికి పుట్టుకనుండియు ఉన్న ఆచారము. మనము ఇంటిలో ఆ పనికి పూనుకొన్నచో ఆ సంప్రదాయమునే అనుసరించుచున్నాము.

ఆ ఆచారము నేటికిని మాసిపోలేదు. గడియారపు లోపలి యంత్రమును మన రిపేరు దుకాణములలో మెషిను అందురు. నేనును ఆ మాటనే వాడుదును. స్విట్జర్లాండులో త్రామెలాన్ అను చిన్న ఊరికి చెందిన యూనిటాస్ అను సంస్థ, ఇరువదవ శతాబ్దపు మధ్యకాలమున, జేబు గడియారముల కొరకు 6497, 6498 అను రెండు మెషినులను రూపొందించినది. 36.6 మిల్లీమీటర్ల వ్యాసము, 17 రాళ్ళు, ప్రతిదినము కీ ఇచ్చుటతో నడచు సరళమైన నిర్మాణము, ఇవి వాని లక్షణములు. జేబు గడియారముల కాలము గతించిన పిదప కూడ ఈ మెషినులు గతింపలేదు. పెద్ద చేతి గడియారములకు ఆదరణ కలిగిన దినములలో, ఇటలీలో పుట్టిన పనెరాయ్ అను ప్రసిద్ధ సంస్థ తన లుమినోర్ గడియారములలో కొన్నింటికి 6497నే ఆధారముగా గైకొని, దానికి మెరుగులు దిద్ది, లక్షల వెలకు అమ్మినది. స్విట్జర్లాండులోని గడియార పాఠశాలలలో విద్యార్థులు మొట్టమొదట విప్పి బిగించుటకు అభ్యసించునదియు తరచుగా ఈ మెషినే. 1955లో చైనా దేశపు మొదటి చేతి గడియారము పుట్టిన తియాంజిన్ నగరమున, సీగల్ అను కర్మాగారము ఈ నిర్మాణమునే అనుసరించి ఎస్‌టీ36 అను మెషినును చేయుచున్నది. అది మన రూపాయలలో కొన్ని వేలకే లభించును. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో అమరిక ఒక్కటే, పని చేయు విధము ఒక్కటే. అట్లయినచో తేడా ఎక్కడ ఉన్నది?

అది తెలియవలెనన్నచో మెషిను నడచు విధమును కొంచెము వివరింపవలసియున్నది. బొడిపెను తిప్పి కీ ఇచ్చినప్పుడు, బ్యారల్ అను గుండ్రని డబ్బీలోని మెయిన్ స్ప్రింగు బిగువుగా చుట్టుకొనును. అది తిరిగి విప్పుకొనుటకు చేయు ప్రయత్నమే గడియారమునకు శక్తి. ఆ శక్తి నడిమి చక్రమునకును, దానినుండి మూడవ చక్రమునకును, దానినుండి నాలుగవ చక్రమునకును సంక్రమించును. నడిమి చక్రము గంటకొక్కసారియు, నాలుగవ చక్రము నిమిషమునకొక్కసారియు తిరుగును. అదుపు లేక విడిచినచో చక్రములన్నియు గిర్రున తిరిగి, స్ప్రింగులోని శక్తి యంతయు కొన్ని క్షణములలో వ్యయమైపోవును. కనుక చివర పదునైదు పండ్లు గల ఎస్కేప్ చక్రమును, దానిని ఒక్కొక్క పన్ను చొప్పున ఆపుచు విడుచుచు ఉండు ప్యాలెట్ ఫోర్కును, ఆ ఆపుటకును విడుచుటకును లయను విధించు బ్యాలెన్సు చక్రమును అమర్చినారు. బ్యాలెన్సు చక్రమునకు చుట్టిన అతి సన్నని హెయిర్ స్ప్రింగు దానిని ఇటు నటు ఊపుచుండును. 1675లో హైగెన్స్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఈ చుట్ట స్ప్రింగును ప్రకటించిన పిదపనే జేబులో పెట్టుకొను గడియారము నమ్మదగినదైనది. పదునెనిమిదవ శతాబ్దపు మధ్యమున థామస్ మడ్జ్ అను ఆంగ్లేయుడు కల్పించిన లీవరు పద్ధతియే నేటి ప్యాలెట్ ఫోర్కునకు మూలము. యూనిటాస్ మెషిను మొదటి రూపములో బ్యాలెన్సు గంటకు 18,000 మారులు, అనగా సెకనుకు 5 మారులు కొట్టుకొనును. దినమునకు 4 లక్షల 32 వేలు, సంవత్సరమునకు 15 కోట్లకు పైబడును. ఇన్ని కోట్ల పర్యాయములు ఒకే విధముగా కదలవలసిన ఆ చక్రపు ఇరుసు మొన మందము సుమారు మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే!

రాళ్ళ విషయమున లోకమున నొక భ్రమ కలదు. పదునేడు రాళ్ళ వాచీ అనగానే అందులో రత్నములు పొదిగినారనియు, అందువలననే వెల హెచ్చినదనియు తలచువారు ఇప్పటికిని కలరు. ఇరుసు మొనలు లోహపు రంధ్రములలో తిరిగినచో త్వరగా అరిగిపోవును గనుక, కెంపునకు రంధ్రము తొలిచి అందులో వానిని నిలుపు విద్యకు 1704లో నికొలాస్ ఫాసియో అను స్విస్ గణితజ్ఞుడు, తన సహచరులతో కలసి, లండనులో పేటెంటు పొందెను. ఆ కాలమున అవి నిజమైన కెంపులే. కాని 1902లో ఒగుస్త్ వెర్నూయ్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు జ్వాలలో పొడిని కరగించి కృత్రిమముగా కెంపును పెంచు పద్ధతిని ప్రకటించిన తరువాత, గడియారపు రాయి అతి స్వల్పమైన వెలకు దొరకు వస్తువైనది. నేడు చౌక మెషినులోని రాయియు, విలాస మెషినులోని రాయియు పుట్టుకచేత తోబుట్టువులే.

ఇక కాలనిర్ణయపు సూక్ష్మతను పరిశీలింతము. దినమునకు 86,400 సెకనులు. దినమునకు పది సెకనులు తప్పు గడియారము 8,640లో ఒక్క వంతు మాత్రమే తప్పుచున్నది. స్విట్జర్లాండులో గడియారములను పరీక్షించి క్రొనోమీటరు అను యోగ్యతాపత్రము ఇచ్చు అధికార సంస్థ, ప్రతి మెషినును పదునైదు దినములపాటు, అయిదు భంగిమలలో, 8, 23, 38 డిగ్రీల ఉష్ణోగ్రతలలో పరీక్షించి, దినమునకు సగటున నాలుగు సెకనుల ఆలస్యమునకును ఆరు సెకనుల తొందరకును నడుమ నున్నవానినే ఆమోదించును. చౌక మెషిను సరిదిద్దకయే అర నిమిషము అటు నిటుగా నడుచుట సామాన్యము. అనగా అల్పమైన దానికిని ఉత్తమమైన దానికిని నడుమనున్న అగాధమని మనము భయపడుచున్నది, దినమునకు ఇరువది యయిదు సెకనుల దూరము. ఆ దూరమును దాటించునది సవరణ. సవరణకు కావలసినది కాలము.

చౌక మెషినులో కనిపించు దోషములను పరికించినచో ఈ మాట స్పష్టమగును. చక్రపు అంచులయందు కోసినప్పుడు మిగిలిన లోహపు గరుకు ఉండును. రంధ్రములలో దుమ్ము కణములు, నార పోగులు ఉండును. ఒక రాయిలో నూనె పొంగి పొరలుచుండగా ప్రక్క రాయి ఎండిపోయి యుండును. హెయిర్ స్ప్రింగు సమతలముగా నుండక ఒక ప్రక్కకు ఒరిగి యుండును. బ్యాలెన్సు కుడికి పోవుటకు పట్టు కాలమును, ఎడమకు పోవుటకు పట్టు కాలమును సమానముగా ఉండవు. వీనిలో ఏ ఒక్కటియు ఆ నిర్మాణమును ఊహించినవాని లోపము కాదు. ప్రతి యొక్కటియు, వరుసలో వచ్చు వేల మెషినులలో దీనికొక అరగంట కేటాయించుటకు తీరిక లేని కర్మాగారపు తొందరకు గుర్తు. ఆ అరగంటను, ఆ మాటకు వచ్చినచో ఎన్నో సాయంకాలములను, మనము ఇయ్యగలిగినచో చౌక వస్తువు చౌకగా ఉండిపోవలసిన నిర్బంధము లేదు.

పనికి పూనుకొనువారు ధనమును ఎచ్చట ఆదా చేయవచ్చునో, ఎచ్చట చేయరాదో ముందుగా తెలిసికొనవలెను. మెషినును, ఉక్కు కేసును, తోలు పట్టీని చౌకగా కొనవచ్చును. చేతి పనిముట్ల విషయమున మాత్రము లోభము పనికిరాదు. మొన సరిగా లేని స్క్రూడ్రైవరు మర తలను గీరి చెడగొట్టును. అట్లు గీరుకొనిన మర జన్మాంతము ఆ అవమానమును మోయును. చివరలు కలియని చిమటా సన్నని స్ప్రింగును ఎగురగొట్టును. నూనెలు తప్పక గడియారముల కొరకు చేసినవై యుండవలెను. ముఖముపై అద్దము నీలమణి జాతిదైనచో అది గీతలకు లొంగదు. కృత్రిమ నీలమును, కృత్రిమ కెంపును ఒకే ఖనిజజాతి గనుక ఇదియు నేడు దుర్లభము కాదు. భాగముల పొందిక మరియొక ముఖ్యవిషయము. 6497లో సెకండ్ల చిన్న వలయము బొడిపెకు ఎదురుగా, అనగా తొమ్మిది అంకె వద్ద ఉండును. 6498లో ఆరు అంకె వద్ద ఉండును. ఒకదానికి చేసిన డయలు రెండవదానికి సరిపోదు. ముళ్ళ రంధ్రపు కొలత, డయలు కాళ్ళ చోటు, కేసు లోపలి వ్యాసము, ఇవి ముందుగా కొలిచి వ్రాసికొననివాడు చౌకగా కొన్న వస్తువును రెండు మారులు కొనవలసివచ్చును.

విప్పునప్పుడు మొదటి ధర్మము మెయిన్ స్ప్రింగులోని బిగువును నెమ్మదిగా దింపుట. కీ ఇచ్చిన మెషినులో ప్యాలెట్ ఫోర్కును తొలగించినచో చక్రములు ఒక్కసారిగా పరుగెత్తి ఇరుసు మొనలు విరుగు ప్రమాదము కలదు. బిగువు దింపిన పిదప బ్యాలెన్సును, దానిని పట్టియుంచు బ్రిడ్జి అను పలకతో సహా ఎత్తి, తరువాత ప్యాలెట్ ఫోర్కును, తరువాత చక్రముల బ్రిడ్జిని, చక్రములను, చివర బ్యారల్‌ను తీయవలెను. తీసిన ప్రతి మరను దాని స్థానమును సూచించునట్లు విడివిడి గుంటలు గల పళ్ళెములో ఉంచవలెను. పొడవులో వెంట్రుకవాసి తేడా గల మరలు తారుమారైనచో మెషినుకు కీడు కలుగును. పిదప ఈ భాగములన్నింటిని శుద్ధమైన ద్రావకమున కడిగి, రంధ్రములలోనికి మొన చెక్కిన మెత్తని కొయ్యపుల్లను త్రిప్పి, ఆ పుల్ల మొన తెల్లగా వచ్చువరకు శుభ్రపరుపవలెను. ఈ పని విసుగు పుట్టించునదే. కాని గడియారపు ఆయువు చాలవరకు ఇచ్చటనే నిర్ణయమగుచున్నది.

నూనె వేయుటలో విజ్ఞత వేయుటయందెంత కలదో, వేయకుండుటయందును అంత కలదు. కీ ఇచ్చు భాగములకును, ఒత్తిడి అధికముగా ఉండు చోట్లకును చిక్కని గ్రీసు. వేగముగా తిరుగు సన్నని ఇరుసు మొనలకు పలుచని నూనె. ప్యాలెట్ రాళ్ళ అంచులకు వానికై ప్రత్యేకించిన నూనె. ప్యాలెట్ ఫోర్కు ఇరుసులకు నూనె లేకుండుటయే మేలు. చక్రపు పండ్లకు ఎన్నడును నూనె తగులరాదు. రాతి గుంటలో నిలిచిన బిందువు దాని వ్యాసములో సగము మేరకు వలయముగా నున్నచో అది చాలును. ఎక్కువైన నూనె రాతి హద్దు దాటి ప్రాకి, దుమ్మును ఆకర్షించి, చివరకు ఇరుసును ఎండబెట్టును. వాడుకలో నిలిచిపోయిన పాత గడియారములలో పెక్కింటికి వ్యాధి విరిగిన భాగము కాదు, ఎండి బంకయైన నూనె మాత్రమే. కడిగి, తిరిగి నూనె వేసినంతనే అవి నడచును.

తిరిగి కూర్చునప్పుడు విప్పిన వరుసకు వ్యతిరేకమైన వరుసలో చక్రములను నిలిపి, వానిపై బ్రిడ్జిని పెట్టి, ప్రతి ఇరుసు మొనయు తన రాతిలో దిగినదో లేదో చూచిన పిదపనే మర బిగింపవలెను. తొందరపడి బిగించువాడు ఇరుసును విరుచును. అన్నియు సరిగా కుదిరినచో బ్యారల్‌ను వ్రేలితో కొంచెము కదిపినంతనే చివరి ఎస్కేప్ చక్రమువరకు చలనము నిరాఘాటముగా ప్రాకును. ఆ పిదప ప్యాలెట్ ఫోర్కును, బ్యాలెన్సును అమర్చి రెండు చుట్లు కీ ఇచ్చినప్పుడు బ్యాలెన్సు తనంతట తానే ఊగనారంభించును. నేను కూర్చిన 6498 వంశపు మెషిను మొదటిమారు అట్లు కదలినప్పుడు కలిగిన ఆనందమును దాచుకొనవలసిన పని నాకు కనిపింపదు. తాను అర్థము చేసికొనిన యంత్రము తన చేతిలో నడచుట మనుష్యునకు కలుగదగిన నిర్మలమైన ఆనందములలో నొకటి.

కాని నడచుట వేరు, సరిగా నడచుట వేరు. తంబురాకు తీగెలు కట్టుట ఒక యెత్తు, దానిని శ్రుతి చేయుట మరియొక యెత్తు అయినట్లే, కూర్పు ముగిసిన పిదప సవరణ అను అసలైన విద్య ఆరంభమగును. గడియారపు టిక్కులను మైక్రోఫోనుతో విని, వేగమును, ఊపు పరిమాణమును, రెండు దిశల అసమానతను చూపు యంత్రములు నేడు అందుబాటు వెలకే లభించుచున్నవి. ముఖము పైకి పెట్టి పూర్తిగా కీ ఇచ్చిన ఆరోగ్యవంతమైన మెషినులో బ్యాలెన్సు ఒక్కొక్క దిశకు 270 మొదలు 300 డిగ్రీలవరకు ఊగును. 200 డిగ్రీలకు దిగినచో ఎచ్చటనో మురికియో, రాపిడియో కలదని తెలియవలెను. హెయిర్ స్ప్రింగునకు ఆనియున్న చిన్న మీటను కదపి దాని పనిచేయు పొడవును తగ్గించినచో గడియారము వేగిరపడును, పెంచినచో మందగించును. ముఖము పైకి, క్రిందికి, బొడిపె పైకి, క్రిందికి, ప్రక్కకు ఉంచి చూచి, ఏ భంగిమలో ఎంత తేడా వచ్చుచున్నదో వ్రాసికొని, ఆ తేడాలు ఒకదానినొకటి కొట్టివేయునట్లు సవరింపవలెను. ఏ గడియారమైనను హఠాత్తుగా దినమునకు కొన్ని నిమిషములు ముందుకు పరుగెత్తసాగినచో దానిని విప్పుటకు ముందు అయస్కాంతపు ప్రభావమును అనుమానింపవలెను. హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకొని పొడవు తగ్గినందున అట్లగును. పరీక్షాయంత్రము లేనివారు నిరాశ చెందనక్కరలేదు. ఆకాశవాణి వినిపించు సమయసంకేతముతో ప్రతిదినము ఒకే వేళకు తమ గడియారమును సరిచూచి, తేడాను ఒక నోటు పుస్తకములో వ్రాయుచు పోయినచో, కొన్ని వారములలో ఆ గడియారపు స్వభావమంతయు వారికి అవగతమగును.

ఉష్ణోగ్రత విషయమున మనకంటె ముందే మహనీయులు శ్రమించి యున్నారు. ఉక్కు స్ప్రింగు వేడికి బలహీనపడి గడియారమును మందగింపజేయుట పూర్వకాలపు పెద్ద సమస్య. వేడికి లొంగని నికెలు ఉక్కు మిశ్రమలోహములను కనుగొన్న గియోమ్ అను శాస్త్రజ్ఞునకు 1920లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. ఆయన పరిశోధనల ఫలము నేడు చౌక మెషినులోని హెయిర్ స్ప్రింగులో గూడ కలదు. ఒకనాడు రాజాధిరాజులకు దొరకని సౌకర్యము నేటి సామాన్యుని మణికట్టుపై ఉన్నది. దానిని వినియోగించుకొను శ్రద్ధ మాత్రము మనము సమకూర్చుకొనవలెను.

ఇక అలంకారము. విలాస గడియారములలో బ్రిడ్జిలపై అలలవంటి చారలు, అంచులకు వాలుగా దిద్దిన నునుపు, నీలిరంగు మరలు కనిపించును. నీలిరంగు పూత కాదు. శుభ్రముగా మెరుగుపెట్టిన ఉక్కు మరను ఇత్తడి పొడిపై ఉంచి మెల్లగా వేడిచేసినచో అది మొదట గడ్డి రంగును, పిదప గోధుమ రంగును, పిదప ఊదా రంగును దాటి, సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వద్ద గాఢమైన నీలిరంగు పొందును. ఆ క్షణమున తీయనిచో రంగు వెలిసిపోవును. దీనికి సారాదీపము, ఓర్పు, చూపు చాలును. స్విట్జర్లాండులో లా వాలె ద జూ అను లోయలో 1948లో జన్మించిన ఫిలిప్ ద్యుఫోర్ అను శిల్పి, జెన్షియన్ మొక్క కాడతో అంచులను మెరుగుపెట్టుచు, కంటికి కనబడని లోపలి మూలలను గూడ అద్దమువలె తీర్చును. ఆయన కళకు మనము చేరలేకపోవచ్చును. కాని ఆయన గడియారము వెలను నిర్ణయించునది మొక్క కాడయు, మనుష్యుని గంటలును అని గ్రహించినచో, మన బల్లపై నున్న చౌక బ్రిడ్జి అంచును చూచు దృష్టియే మారిపోవును.

ఇచ్చట ఒక ధర్మమును గట్టిగా చెప్పవలసియున్నది. ఇంత శ్రమపడి కూర్చిన గడియారపు ముఖముపై ప్రసిద్ధ సంస్థ పేరును ముద్రించుకొనుట చౌర్యము. విడిభాగముల అంగళ్ళలో అట్టి డయళ్ళు సులభముగా దొరకుచున్నవి; పాత స్విస్ వాచీలకు క్రొత్త రంగు పూసి, పరస్పరసంబంధము లేని భాగములను చేర్చి, అసలైనవని అమ్ముటయు మన దేశమున వాడుకలో నున్నది. ఈ మోసమునకు నష్టపోవువాడు కొనువాడు మాత్రమే కాడు. తన శ్రమకు తన పేరు చాలదని ఒప్పుకొనుచున్న కూర్పరి అంతకంటె ఎక్కువ నష్టపోవుచున్నాడు. పేరు లేని తెల్లని డయలు, లేదా తన ఇంటిపేరు గల డయలు, ఎంత చిన్న గడియారమునకైనను గౌరవము తెచ్చును. ఇతరులకు ఇచ్చునప్పుడు మెషిను ఎక్కడిదో, కేసు ఎక్కడిదో దాచక చెప్పుట ఆ గౌరవములో భాగమే.

క్రొత్తది కూర్చుటకంటె పాతది బాగుచేయుట మరింత పుణ్యప్రదమని నా అభిప్రాయము. 1953లో స్థాపింపబడిన హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ, జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారముతో, 1961లో బెంగుళూరునందు వాచీల నిర్మాణము ప్రారంభించినది. ఆ హెచ్.ఎమ్.టి. వాచీలు, అందునను పదునేడు రాళ్ళ జనతా, తెలుగునాట ఎన్ని పెండ్లిండ్లలో అల్లుని చేతికి అలంకారమైనవో, ఎందరు ఉపాధ్యాయుల గంటలను, ఎందరు రైల్వే ఉద్యోగుల ప్రయాణములను నడిపినవో వేరుగ చెప్పనక్కరలేదు. హైదరాబాదులో ఆల్విన్ సంస్థయు, జపానులోని సైకో సంస్థ సహకారముతో వాచీలు చేసినది. హెచ్.ఎమ్.టి. వాచీల విభాగమును మూసివేయుటకు 2016లో ప్రభుత్వము నిర్ణయించినది. కాని ఆ గడియారములు బీరువా సొరుగులలో వేలకొలది నిదురించుచున్నవి. నడవని రెండింటి భాగములతో నడచునది ఒకటి కూర్పవచ్చును. తండ్రి చేతి గడియారమును తిరిగి నడిపించుకొనిన కుమారునకు కలుగు తృప్తిని ఏ విలాస విపణియు అమ్మజాలదు.

ఈ విద్యను ఎవరివద్ద నేర్చుకొనవలెనని మీరు అడుగవచ్చును. మన పట్టణములలో, బస్సు స్టాండుల ప్రక్కన, అద్దపు పెట్టె ముందు పెట్టుకొని, కంటికి భూతద్దము బిగించి కూర్చుండు వాచీ మెకానిక్కులు ఇంకను కొందరు మిగిలియున్నారు. వారు చేతివ్రేళ్ళతో సంపాదించిన జ్ఞానము గొప్పది. వారికి శిష్యులు లేకపోవుట మన దురదృష్టము. ఇరువదవ శతాబ్దపు అగ్రగణ్య గడియారశిల్పియైన జార్జ్ డానియెల్స్ 1926లో పేద ఆంగ్ల కుటుంబమున జన్మించి, సైన్యమునుండి విడుదలయిన పిదప వాచీలు బాగుచేయుచునే తన జీవితమును ఆరంభించెను. పాత గడియారముల దోషములను దీర్ఘకాలము పరిశీలించిన ఆ చేతినుండియే కో-యాక్సియల్ అను నూతన ఎస్కేప్‌మెంటు వెలువడినది. 1999లో ఒమేగా సంస్థ దానిని తన గడియారములలో ప్రవేశపెట్టెను. రిపేరు పనిని తక్కువ చూపు చూచువారికి ఆయన జీవితమే సమాధానము.

క్వార్ట్జ్ గడియారము ఇంతకంటె కచ్చితముగా, ఇంతకంటె చౌకగా కాలము చూపుచుండగా ఈ శ్రమ ఎందుకని అడుగువారి ప్రశ్న న్యాయమైనదే. 1969 డిసెంబరు 25న జపానులో సైకో సంస్థ మొదటి క్వార్ట్జ్ చేతి గడియారమును విడుదల చేసిన పిదప, స్విస్ గడియార పరిశ్రమలో సుమారు 90,000గా ఉన్న పనివారి సంఖ్య పదునైదేండ్లలో మూడవ వంతునకు దిగజారెను. కచ్చితత్వమే పరమార్థమైనచో మర గడియారము ఆనాడే అంతరించి యుండవలసినది. అది నిలిచినది మనుష్యుడు దానిని విప్పి చూచి, అర్థము చేసికొని, బాగుచేసికొనగలిగినందువలన. పదునెనిమిదవ శతాబ్దమున సముద్రముపై రేఖాంశమును నిర్ణయించుటకు జాన్ హారిసన్ చేసిన గడియారములు గ్రీనిచ్ వేధశాలలో తుప్పుపట్టి పడియుండగా, 1920లో రూపర్ట్ గూల్డ్ అను నౌకాదళపు ఉద్యోగి, గడియారపు వృత్తిలో శిక్షణ లేనివాడయ్యును, వేతనము కోరక వాని ఉద్ధరణకు పూనుకొని, పదమూడేండ్లు పరిశ్రమించి వానిని నడిపించెను. తుప్పు క్రింద హారిసన్ ఉద్దేశ్యము చెక్కుచెదరక నిలిచియుండుటచేతనే గూల్డ్ దానిని చదువగలిగెను. చేయుటలో శ్రద్ధ ఉన్న వస్తువు మాత్రమే రెండు శతాబ్దముల పిదప మరియొకని శ్రద్ధకు బదులు పలుకును.

శ్రోతలారా, నా విన్నపము చిన్నది. మీ ఇంట నడవక పడియున్న కీ వాచీ ఒకటి ఉన్నచో దానిని పారవేయకుడు, తూకమునకు అమ్మకుడు. మీ ఊరి మెకానిక్కు వద్దకు తీసికొనిపోయి, అతడు దానిని విప్పుచుండగా మీ పిల్లలను ప్రక్కన నిలిపి చూపుడు. అతని శ్రమకు తగిన ప్రతిఫలము బేరమాడక ఇండు. ఆసక్తి కలిగినచో ఒక చౌక మెషినును, ఒక మంచి స్క్రూడ్రైవరును కొని, విప్పి బిగించుట అభ్యసింపుడు. కొంతకాలమునకు, దినమునకు అయిదారు సెకనులకు మించి తప్పని గడియారమొకటి మీ చేతిపై ఉండును. దాని వెల ఎంతయని ఎవరైనను అడిగినచో భాగముల వెల చెప్పుడు. దాని విలువ ఎంతయని అడిగినచో, దానిపై మీరు వ్యయపరచిన సాయంకాలములను చెప్పుడు. ఈ రెండు లెక్కలను వేరువేరుగా వేయుట నేర్చినవారు గడియారములను మాత్రమే గాక, మనుష్యులు చేతితో చేయు సమస్త వస్తువులను న్యాయముగా వెలకట్టగలరు.